తెలివి తప్పించడం అంటే దేన్ని తప్పించడం?

అందరికీ నమస్కారం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువులు మత్తు డాక్టర్‌ను రెండే ప్రశ్నలు అడుగుతారు. లోపలికి వెళ్ళేముందు "పూర్తిగా మత్తిస్తారా, నడుం కిందికేనా?" బయటికి వచ్చాక "తెలివొచ్చిందా?" ఈ రెండో ప్రశ్నలోని మాట చాలా గొప్పది. మన భాషలో తెలివి అంటే బుద్ధి, తెలివి అంటే స్పృహ కూడా. తెలంగాణలో సోయి అంటారు. మెలకువ, ఎరుక, జ్ఞాపకం అనే మాటలు కూడా మనకు విడివిడిగా ఉన్నాయి. ఇవన్నీ ఒకటి కావని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. మత్తు ఇచ్చినప్పుడు ఇవి ఒక్కొక్కటిగా పోతాయి, వేర్వేరు మందులకు పోతాయి, వేర్వేరు మోతాదుల్లో పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒకేసారి రావు. ఒకటి పోయి ఇంకొకటి మిగిలిపోయిన చోటే మనిషికి అన్యాయం జరుగుతుంది.

ముందు మత్తు ఎక్కించే ఆ ఐదు నిమిషాలు దగ్గరగా చూద్దాం. రోగి బరువు అరవై కిలోలు అనుకోండి. వయసు నలభై, గుండెజబ్బు లేదు. మొదట మాస్కు పెట్టి మూడు నిమిషాలు శుద్ధమైన ఆక్సిజన్ పీల్పిస్తాం. ఊపిరితిత్తుల్లో ఉన్న నైట్రోజన్ బయటికి పోయి ఆక్సిజన్ నిండితే, తర్వాత ఊపిరి ఆగినా కొన్ని నిమిషాల నిల్వ ఉంటుంది. ఈలోగా ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు, కిలోకు రెండు మైక్రోగ్రాముల లెక్కన 120 మైక్రోగ్రాములు. తర్వాత అసలు మత్తుమందు ప్రొపోఫాల్. చూస్తే పాలు అనుకుంటారు. ఆ మందు నీళ్ళలో కరగదు, అందుకని సోయా నూనెలో కలిపి, గుడ్డుసొన నుంచి తీసిన లెసిథిన్‌తో చిలికినట్టు చేసి ఉంచుతారు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. మన రోగికి కిలోకు 2 మిల్లీగ్రాములు, అంటే 12 మిల్లీలీటర్లు. డెబ్భై దాటిన మనిషికి ఇందులో సగం, ఒక్కోసారి అంతకంటే తక్కువే చాలు. పిల్లలకు కిలో లెక్కన పెద్దవాళ్ళకంటే ఎక్కువ పడుతుంది. ఎక్కేటప్పుడు చెయ్యి మండుతుంది. ఆ మంట తగ్గడానికి తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ కొంచెం ముందు ఇస్తాం.

చేతి నరంలోకి వెళ్ళిన మందు గుండెకు, అక్కణ్ణుంచి మెదడుకు చేరడానికి అర నిమిషం పైన పడుతుంది. అంకెలు లెక్కపెట్టమంటే పది, పన్నెండు దగ్గర గొంతు ముద్దగా మారి ఆగిపోతుంది. రెప్ప వెంట్రుకలను వేలితో తాకితే మామూలుగా రెప్ప కొట్టుకోవాలి, కొట్టుకోదు. దవడ వదులవుతుంది. ఊపిరి ఆగుతుంది. మాస్కుతో బ్యాగు నొక్కి గాలి వెళుతోందని చూసుకున్నాక, కండరాలు సడలే మందు ఇస్తాం. అట్రాక్యూరియం అయితే కిలోకు అర మిల్లీగ్రాము, మొత్తం 30 మిల్లీగ్రాములు. అది పూర్తిగా పట్టడానికి రెండు మూడు నిమిషాలు. అప్పుడు గొంతులో గొట్టం వేసి, సెవోఫ్లూరేన్ లాంటి మత్తువాయువు తిప్పుతాం.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఒక్క మోతాదు ప్రొపోఫాల్ మనిషిని మత్తులో ఉంచేది ఐదు నుంచి పది నిమిషాలు. మెదడు నుంచి కండరాల్లోకి, కొవ్వులోకి మందు సర్దుకుపోతుంది కాబట్టి అంత త్వరగా దిగిపోతుంది. అట్రాక్యూరియం మాత్రం అరగంట దాకా కదలనివ్వదు. గొట్టం ఒకసారికే పడితే ఇబ్బంది లేదు. మెడ పొట్టిగా ఉండి, నోరు పూర్తిగా తెరుచుకోక రెండోసారి, మూడోసారి ప్రయత్నించాల్సి వచ్చిందనుకోండి. ఆ సమయంలో మత్తువాయువు వెళ్ళడం లేదు. ప్రొపోఫాల్ దిగిపోతోంది. గదిలో ఉన్నవాళ్ళందరి చూపూ ఆక్సిజన్ అంకె మీదే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ బల్ల మీద మనిషికి ఎరుక తిరిగి వస్తోంది, చిటికెన వేలు కూడా కదల్చలేడు. అందుకే గొట్టం కష్టమని అనిపించిన మరుక్షణం ఇంకో మూడు నాలుగు మిల్లీలీటర్ల ప్రొపోఫాల్ ఇవ్వాలి. ఆ సిరంజి చేతికందేంత దూరంలో ముందే సిద్ధంగా ఉండాలి.

బ్రిటన్, ఐర్లండ్ దేశాల మత్తు వైద్యులు కలిసి చేసిన పెద్ద సర్వే 2014లో వచ్చింది. రోగులు తమంతట తాము చెప్పుకున్న కేసులను లెక్కిస్తే, పూర్తి మత్తు తీసుకున్న 19,000 మందిలో ఒకరికి మధ్యలో ఎరుక వచ్చింది. కండరాల మందు వాడినవాళ్ళను మాత్రమే తీసుకుంటే 8,000కు ఒకరు. అది వాడనివాళ్ళలో 1,36,000కు ఒకరు. పూర్తి మత్తులో చేసిన సిజేరియన్లలో 670కి ఒకరు. అక్కడ బిడ్డకు మందు ఎక్కకూడదని మోతాదు తగ్గిస్తారు, అంతా హడావిడిగా జరుగుతుంది. మొత్తం కేసుల్లో దాదాపు మూడింట రెండొంతులు కత్తి పడే సమయంలో జరగలేదు. మత్తులోకి పంపేటప్పుడు, మత్తు నుంచి తీసేటప్పుడు జరిగాయి. ఎక్కువ భాగం ఐదు నిమిషాలు కూడా లేవు. వాళ్ళను ఎక్కువగా బాధపెట్టింది నొప్పి కూడా కాదు, కదలలేకపోవడం. ఏం జరుగుతోందో తెలియక, బహుశా చచ్చిపోయానేమో అనుకునే స్థితి.

మత్తును నిద్ర అనడం అలవాటు. భయపడే మనిషికి ధైర్యం చెప్పడానికి ఆ మాట వాడితే తప్పు పట్టను. కానీ శాస్త్రపరంగా రెండూ వేరు. నిద్రపోయేవాణ్ణి తడితే లేస్తాడు. నిద్రకు తొంభై నిమిషాల చొప్పున ఒక చక్రం ఉంటుంది, గాఢనిద్ర, కలల నిద్ర మారుతూ వస్తాయి. మత్తుకు చక్రం లేదు. మందు ఎంత ఉంటే అంత లోతులో నిలబడిపోతుంది. తలమీద తీగలు పెట్టి ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాల గీత తీస్తే తేడా కళ్ళకు కడుతుంది. మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్న మనిషికి సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు తల వెనక భాగంలో కనిపిస్తాయి. ప్రొపోఫాల్ ఎక్కగానే ఆ తరంగాలు వెనక మాయమై నుదుటి వైపు బలంగా మొదలవుతాయి. వాటి కింద సెకనుకు ఒకటి కంటే నెమ్మదైన పెద్ద పెద్ద అలలు. మందు ఇంకా పెంచితే గీత సాఫుగా అయిపోయి, మధ్యమధ్యలో ఒక ఉప్పెనలా వచ్చి మళ్ళీ ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ నిద్రలో ఆ దశ ఎప్పుడూ రాదు. వయసు మళ్ళినవాళ్ళకు ఆ లోతు దాకా వెళ్ళే మోతాదు ఇస్తున్నామని చాలాసార్లు మనకే తెలియదు.

మరి ఎరుక పోవడమంటే ఏమిటి? మెదడు ఆగిపోవడం మాత్రం కాదు. మెదడు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తాయి. చెవి నుంచి శబ్దం మెదడు పైపొర దాకా వెళుతూనే ఉంటుంది, అక్కడ చిన్న స్పందన కూడా కలుగుతుంది. అది మిగతా భాగాలకు పాకదు. తరవాణి కుండలో రాయి వేసినట్టు అక్కడే మునిగిపోతుంది. ఈ ఆధారం మీదే మత్తు లోతు కొలిచే యంత్రాలు వచ్చాయి. బిస్ అనే యంత్రం నుదుటి ఈఈజీని సున్నా నుంచి వంద దాకా ఒక అంకెగా మారుస్తుంది, 40 నుంచి 60 మధ్య ఉంటే ఆపరేషన్‌కు సరిపడ మత్తు అంటారు. ఉపయోగపడే యంత్రమే. కానీ కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చిన మనిషికి ఆ అంకె పైకి పోతుంది, మనిషి మాత్రం మత్తులోనే ఉంటాడు. అంకెను నమ్మి మందు పెంచితే పొరపాటు. అంకెతో పాటు పైన నడిచే గీతను చదవడం నేర్చుకోవాలని చిన్న డాక్టర్లకు నేను పట్టుబట్టి చెప్పేది అందుకే.

ఇప్పుడు ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం. జ్ఞాపకం ముందు. థియేటర్‌కు తీసుకెళ్ళేముందు ఒకటి రెండు మిల్లీగ్రాముల మిడజోలం అనే మగత మందు ఇస్తాం. మనిషి మాట్లాడతాడు, చెప్పిన మాట వింటాడు, తనంతట తనే స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి జరుగుతాడు. మర్నాడు అడిగితే వార్డులో సూది వేసిన తర్వాత ఏమీ గుర్తులేదంటాడు. ఎరుక ఉంది, ముద్ర పడలేదు. సూది పడకముందు జరిగినవి మాత్రం చెరిగిపోవు. ఈ మందు ముందుకే పని చేస్తుంది, వెనక్కి చేయదు. కాబట్టి మధ్యలో ఎరుక వచ్చిందని అనుమానం కలిగాక మిడజోలం ఇస్తే, అప్పటికే పడిన జ్ఞాపకం పోతుందని అనుకోవద్దు.

కదలిక సంగతి ఇంకా విచిత్రం. మత్తువాయువు బలాన్ని మ్యాక్ అనే కొలతతో చెబుతాం. కత్తి గాటు పెట్టినప్పుడు వందలో యాభై మంది కదలకుండా ఉండే గాఢత అది. సెవోఫ్లూరేన్‌కు నడివయసులో సుమారు 2 శాతం. 1990ల మొదట్లో ఎలుకల ముందు మెదడు తీసేసి చూస్తే ఈ కొలత ఏమీ మారలేదు. అంటే కదలకుండా చేస్తున్నది వెన్నుపాము దగ్గర. ఎరుక పోవడానికి దాదాపు మూడోవంతు గాఢత చాలు. కాబట్టి మత్తువాయువు మీద ఉన్న రోగి చెయ్యి కదిలించాడంటే తెలివొచ్చిందని అర్థం కానక్కరలేదు. కండరాల మందు ఇచ్చాక కదలడం లేదంటే తెలివి లేదని అర్థం అసలే కాదు. ఈ రెండో తప్పే ప్రాణం మీదికి తెచ్చేది. వాయువు ఊపిరితో బయటికి వచ్చేటప్పుడు కొలిచే మీటరుకు 0.7 మ్యాక్ దగ్గర అలారం పెట్టుకోవడం చాలా సులువైన జాగ్రత్త. మత్తువాయువును వదిలే వేపరైజర్‌లో మందు అయిపోయినా, తిప్పడం మరిచినా ఆ అలారమే చెబుతుంది. గాలి కాకుండా నరం నుంచే మత్తు నడిపినప్పుడు ఈ మీటరు ఉండదు. మందు ఎక్కించే క్యాన్యులా సూది నరం బయటికి జారి, పచ్చ గుడ్డ కింద చెయ్యి ఉబ్బుతూ ఉంటే ఎవరికీ కనిపించదు. కనీసం క్యాన్యులా ఉన్న చెయ్యి గుడ్డ బయట ఉంచండి.

కదలిక లేని మనిషి లోపల ఏముందో తెలుసుకోవడానికి 1977లో టన్‌స్టల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక ఉపాయం రాశాడు. కండరాల మందు ఇచ్చేముందు ఒక చేతికి బీపీ పట్టీ కట్టి, పై రక్తపోటు కంటే ఎక్కువగా గాలి కొట్టాలి. అప్పుడు ఆ చేతిలోకి మందు వెళ్ళదు. శరీరమంతా కట్టేసినట్టున్నా ఆ ఒక్క చెయ్యి స్వేచ్ఛగా ఉంటుంది. చెయ్యి పట్టుకుని "నా మాట వినిపిస్తే నొక్కండి" అని చెవి దగ్గర చెప్పాలి. నొక్కితే "నొప్పిగా ఉంటే రెండుసార్లు నొక్కండి" అనాలి. ఇరవై నిమిషాలు దాటితే రక్తం అందక చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అంతలోపే చూడాలి. 2017లో అనేక దేశాల ఆస్పత్రుల్లో 260 మందికి గొట్టం వేసిన తర్వాత ఇలా చూశారు. 12 మంది నొక్కారు. అందులో ఐదుగురు నొప్పిగా ఉందని నొక్కారు. తర్వాత అడిగితే ఏ ఒక్కరికీ ఏమీ గుర్తులేదు. రక్తపోటు, గుండెవేగం మాత్రమే చూసి ఎరుక ఉందో లేదో కచ్చితంగా చెప్పలేం. గుర్తులేని బాధ బాధ కాదా అని ఎవరైనా అడిగితే, బాధేనని నా జవాబు. ఆ క్షణంలో అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

కెటమిన్ ఇంకో దారి. జిల్లా ఆస్పత్రుల్లో, విపత్తుల్లో ఎంతో మేలు చేసిన మందు. 1964లో మొదట మనుషులకు ఇచ్చారు. నరంలో కిలోకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఊపిరి ఆగదు, రక్తపోటు పడిపోదు. కళ్ళు తెరిచే ఉంటాయి, గుడ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి, చూపు మాత్రం ఎక్కడా ఆనదు. బయటి ప్రపంచం తెగిపోయి లోపలి ప్రపంచం తెరుచుకుంటుంది. శరీరం విడిచి పైకి తేలినట్టు, సొరంగంలో పోతున్నట్టు చెబుతారు. లేచేటప్పుడు కొందరు కేకలు పెడతారు. ముందు కొంచెం మిడజోలం ఇవ్వడం, మత్తు ఎక్కేముందు మంచి మాటలు చెప్పడం, లేచేటప్పుడు గదిలో గోల లేకుండా చూడడం, ఇవి చాలావరకు ఆ భయాన్ని ఆపుతాయి. ఏ మనసుతో లోపలికి వెళ్ళాడో అదే రంగు లోపలి దృశ్యాలకు అంటుకుంటుంది.

హైదరాబాద్‌కు ఈ విద్యలో ఒక స్థానం ఉంది, అది మనవాళ్ళకే సరిగా తెలియదు. 1888, 1889 సంవత్సరాల్లో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో ఆ రోజుల మత్తుమందు క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు నడిపాడు. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు ఆరోగ్యవంతులు ఉన్నట్టుండి ఎందుకు చనిపోతున్నారన్నది ప్రశ్న. 1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయబోతే చనిపోయినప్పటినుంచి ఆ ప్రశ్న ఉంది. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు. ఊపిరే ముందు ఆగుతుంది, గుండె తర్వాత ఆగుతుంది, కాబట్టి ఊపిరిని చూసుకుంటే చాలు అన్నది కమిషన్ తీర్పు. ఊపిరి మీద కన్నుంచమన్న మాట ఇవాళ్టికీ నిలిచింది. గుండె సంగతి మాత్రం తప్పు. 1911లో లీవీ అనే పరిశోధకుడు చూపించాడు: మత్తు తేలికగా ఉన్నప్పుడు, భయం వల్లో నొప్పి వల్లో అడ్రినలిన్ పొంగితే, క్లోరోఫామ్ తగిలిన గుండె గతి తప్పి ఒక్కసారిగా ఆగిపోతుంది. మత్తు ఎక్కువై చనిపోతున్నారనుకున్న మనుషుల్లో కొందరు మత్తు చాలక చనిపోయారు.

ఇక అంతశ్చేతన. గాఢ మత్తులో విన్న మాట మనసు అడుగున నిలుస్తుందా? 1965లో దక్షిణాఫ్రికాలో లెవిన్సన్ అనే వైద్యుడు పదిమందికి పంటి ఆపరేషన్ మధ్యలో, రోగి రంగు నీలంగా మారుతోందని, ఆక్సిజన్ ఇవ్వాలని కంగారుగా మాట్లాడుతున్నట్టు నటింపజేశాడు. నెల తర్వాత వాళ్ళను హిప్నాసిస్‌లోకి పంపి అడిగితే నలుగురు ఆ మాటలు దాదాపు ఉన్నవున్నట్టు అప్పజెప్పారని, మరో నలుగురు కలవరపడ్డారని రాశాడు. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. తర్వాత చూసినవాళ్ళకు అంత స్పష్టమైన ఫలితం రాలేదు. హిప్నాసిస్‌కు ఒక లోపం ఉంది. అడిగేవాడు ఏం కావాలనుకుంటున్నాడో అది తయారుచేసి ఇస్తుంది, పైగా ఇచ్చేవాడు అది తన జ్ఞాపకమేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

అందుకని పరీక్ష మార్చారు. మత్తులో ఉన్నప్పుడు చెవిలో కొన్ని మాటలు వినిపిస్తారు, "మందారం" అనుకోండి. లేచాక గుర్తుందా అని అడగరు. "మం" తో మొదలయ్యే మాట, నోటికి వచ్చింది చెప్పమంటారు. మామూలుగా "మంచి" అనో "మంట" అనో రావాలి. విన్నవాళ్ళు "మందారం" అనే సందర్భాలు వినని వాళ్ళకంటే ఎక్కువగా ఉంటే, ఎక్కడో ముద్ర పడిందన్న మాట. మత్తు తేలికగా ఉన్నప్పుడు ఇలాంటి చిన్న జాడలు దొరికాయి, లోతు పెరిగేకొద్దీ మాయమవుతాయి. ఎంత చిన్నదైనా అది మనిషి చెవి. రోగి శరీరం గురించి, కులం గురించి, డబ్బు గురించి థియేటర్‌లో మాట్లాడే అలవాటు మానుకోవాలి. దీనికి యంత్రం అవసరం లేదు.

ఇదే చోట నార్కో పరీక్ష గురించి చెప్పాలి, టీవీల్లో దాన్ని నిజం కక్కించే సూది అంటారు. థయోపెంటోన్ కొంచెం కొంచెంగా ఇచ్చి, మగత స్థితిలో ప్రశ్నలు వేయడమే అది. ఆ మోతాదు సంకోచాన్ని సడలిస్తుంది, కల్పనను ఆపదు. మనిషి నిజం చెబుతాడు, అబద్ధం చెబుతాడు, అడిగేవాడి ప్రశ్నలోంచి అందుకున్నదీ చెబుతాడు. మూడింటికీ గొంతు ఒకేలా ముద్దగా ఉంటుంది. 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు, ఒప్పుకోని మనిషికి ఈ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమంది. వైద్యపరంగా చూసినా నాకు అది సరైన తీర్పే.

మత్తులోంచి లేవడం గురించి కొంచెం. కళ్ళు తెరవడం మెలకువ, అంతే. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు సెవోఫ్లూరేన్ తర్వాత లేచి, తల్లిని కూడా పోల్చుకోకుండా వెనక్కి విరుచుకుంటూ ఏడుస్తారు. నొప్పి మందు చాలలేదేమో ముందు చూడాలి. అది సరిగా ఉంటే పది ఇరవై నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంటుంది, పట్టుకుని కూర్చోవాలి, గట్టిగా అదిలించకూడదు. పెద్దవాళ్ళలో మతిభ్రమ ఒకటి రెండు రోజుల తర్వాత కూడా రావచ్చు. గొడవ చేసేవాళ్ళను అందరూ చూస్తారు. గోడవైపు తిరిగి చప్పుడు లేకుండా పడుకున్న తాతను "పాపం, అలిసిపోయాడు" అని వదిలేస్తారు, అదీ ఆ జబ్బే కావచ్చు. కళ్ళజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్ళు వీలైనంత త్వరగా తిరిగి ఇవ్వండి. పగలు కిటికీ తెరవండి. ఇంటి మనిషి పక్కన కూర్చుని ఇవాళ ఏ వారమో, ఎవరొచ్చారో మాట్లాడుతూ ఉండాలి.

మత్తు డాక్టర్ ముందురోజు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి. పక్కన మామగారో, కూతురో ఉన్నారని మందు తాగే అలవాటు దాచేవాళ్ళు చాలామంది. రోజూ తాగేవాళ్ళకు మత్తు ఎక్కువ పడుతుంది. అది తెలియక మామూలు మోతాదు ఇస్తే, ఇందాక చెప్పిన ఎరుక సమస్యకు దారి తీస్తుంది. నిద్రమాత్రలు, గంజాయి, మానసిక వైద్యుడిచ్చిన మందులు కూడా అంతే. బంధువుల్ని బయటికి పంపి అడగడం మా బాధ్యత. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. మీ ఇంట్లో ఎవరికైనా మత్తులో జ్వరం విపరీతంగా పెరిగి ఉంటే అదీ చెప్పండి.

ఆపరేషన్ అయ్యాక అడగాల్సిన ఐదు ప్రశ్నలను 1970లో బ్రైస్ అనే వైద్యుడూ అతని తోటివాళ్ళూ తయారుచేశారు. మన వార్డుల్లో వీటిని తెలుగులో ఇలా అడగవచ్చు. మత్తులోకి పోయేముందు చివరిగా గుర్తున్నది ఏమిటి? లేచాక మొదట గుర్తున్నది ఏమిటి? ఈ రెంటి మధ్య ఏమైనా గుర్తుందా? కల ఏమైనా వచ్చిందా? ఈ ఆపరేషన్ మొత్తంలో మీకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఏమిటి? "మధ్యలో తెలివి వచ్చిందా" అని నేరుగా అడిగితే మొహమాటంతో లేదంటారు. రికవరీ గదిలో ఒకసారి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఇంకోసారి, వారం తర్వాత మరోసారి అడగాలి. కొందరికి ఆ జ్ఞాపకం ఆలస్యంగా పైకి తేలుతుంది.

ఎవరైనా "నాకు మాటలు వినిపించాయి, కదలలేకపోయాను" అంటే, కల కని ఉంటావని కొట్టిపారేయకండి. ఐదుగురిలో ఒకరు మత్తులో కల వచ్చిందని చెప్పడం నిజమే, అవి ఎక్కువగా మామూలు తియ్యటి కలలు. ఇది వేరు. కూర్చోండి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, ఏ క్షణంలో ఏ మందు ఇచ్చామో రికార్డుతో పోల్చి చూపించండి, తప్పు ఉంటే ఒప్పుకోండి. వాళ్ళకు రాత్రులు ఉలిక్కిపడి లేవడం, వెల్లకిలా పడుకోవాలంటే భయం వారాల తర్వాత మొదలు కావచ్చు. అప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి. ఇదంతా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి రోగి చేతికివ్వండి. తర్వాత ఎప్పుడు ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, మత్తు డాక్టర్‌కు ముందు ఆ కాగితం చూపించమని చెప్పండి.